గుల్లబారిన ఎముకకు గ్రోత్ ఫ్యాక్టర్లు: ఎంతవరకు?

హన్మకొండ పెద్దలందరికీ నమస్కారం.

తుంటో మణికట్టో విరిగి వచ్చిన పెద్దవాళ్లు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "బొక్క తొందరగా అతికే సూది ఏదన్నా ఉందా సార్?" అలాంటి మందు ఉంది. కాకపోతే మీరు అనుకునే సూది కాదు.

1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టరు ఎముకలోని ఖనిజాన్ని యాసిడ్‌తో తీసేసి, మిగిలిన ముక్కను జంతువుల కండరంలో పెట్టారు. కొన్ని వారాలకు ఆ కండరంలో కొత్త ఎముక పుట్టింది. అందుకు కారణమైన ప్రోటీన్లనే బీఎంపీ అంటున్నాం. కణాలను పెరగమని పురికొల్పే ఇలాంటి ప్రోటీన్లనే గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. ల్యాబ్‌లో తయారైన బీఎంపీ-2కు అక్కడ 2002లో నడుం వెన్నుపూసలు అతికించే ఆపరేషన్‌కు, 2004లో చర్మం చీల్చుకొని బయటపడ్డ మోకాలి కింది ఎముక విరుపుకు అనుమతి వచ్చింది.

దీన్ని సిరంజితో ఎక్కిస్తే రక్తంలో కలిసి తొందరగానే పోతుంది. అందుకే ఆపరేషన్ థియేటర్‌లో పొడిని నీళ్లలో కరిగించి, కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన స్పాంజి మీద పోసి, కనీసం 15 నిమిషాలు ఆగుతారు. మందు స్పాంజికి పట్టుకున్నాకే దాన్ని విరిగిన చోట పెడతారు.

గుల్లబారిన ఎముకలో అసలు చిక్కు వేరే ఉంది. స్క్రూ బిగిస్తుంటే పట్టు దొరకదు, చెదలు తిన్న దూలంలో మేకులా ఊరికే తిరుగుతుంది. ఎముక కదులుతుంటే ఏ మందు పోసీ లాభం లేదు. పైగా బీఎంపీ ఎముకను కట్టే కణాలతో పాటు తినే కణాలనూ లేపుతుంది. మొదటి వారాల్లో అక్కడ ఎముక ఇంకా పలచబడవచ్చు, సరిగ్గా స్క్రూలు వదులయ్యే సమయం కూడా అదే. అందుకే పరిశోధకులు జంతువుల్లో ఆ తినే కణాలను ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందును దీనికి జోడించి చూస్తున్నారు. నాకు ఆశ ఉన్నది ఆ దారి మీదే. ఇక బీఎంపీ డోసు ఎక్కువైతే అక్కర్లేని చోట ఎముక పెరుగుతుంది. మెడ ఆపరేషన్లలో వాడినప్పుడు గొంతు వాచి ఊపిరాడని కేసులు రావడంతో 2008లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా.

ఇక పీఆర్‌పీ. మీ రక్తాన్నే మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు తీసి పొడుస్తారు. వాటిలోనూ గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి, కాదనను. కానీ విరిగిన ఎముక దానివల్ల త్వరగా అతుకుతుందనడానికి గట్టి రుజువు లేదు. బిల్లు కట్టేముందు ఆ మాట అడగండి.

మొన్న పరకాల వైపు నుంచి ఒక అమ్మ వచ్చింది. బాత్‌రూంలో జారి తుంటి విరిగింది. అంతకుముందే మణికట్టు విరిగితే ఎక్కడో కట్టు కట్టి పంపారట. ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్ తీయించమని గానీ, ఎముక బలానికి మందు గానీ ఎవరూ చెప్పలేదు. అప్పుడే ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టి ఉంటే, ఈ తుంటి విరుపు తప్పే అవకాశం ఉండేది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఖరీదైన స్పాంజి గురించి ఇంత మాట్లాడుకుంటాం, చేతిలో ఉన్న మందు మాత్రం రాయం.

ఎక్స్‌రేలు తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటిగా చూద్దాం.