వేడిని ఎక్కడ పారబోయాలి?

శ్రోతలకు నమస్కారం. ఒక కాగితం తీసి అరచేతిలో పెట్టుకోండి. బరువు తెలుస్తోందా? నాసా వారి డాన్ వ్యోమనౌకను వెస్టా అనే గ్రహశకలానికీ, అక్కడి నుంచి సెరెస్ అనే మరుగుజ్జు గ్రహానికీ తీసుకెళ్లిన అయాన్ ఇంజన్ తోపు దాదాపు అంతే. కాకపోతే నెలల తరబడి తోసింది. జినాన్ వాయువును కరెంటుతో వెనక్కి చిమ్మడమే దాని పని. డాన్‌కు ఎండే సరిపోయింది. మనుషులెక్కే బరువైన ఓడకు కరెంటు వందల రెట్లు కావాలి. అందుకే అణు రియాక్టర్ మాటొస్తుంది.

ఆ పని ఒకసారి మొదలుపెట్టారు కూడా. 1965 ఏప్రిల్ 3న అమెరికా స్నాప్-10ఏ అనే చిన్న రియాక్టర్‌ను కక్ష్యలోకి పంపింది. పైకి వెళ్లాకే దాన్ని రాజేశారు. 500 వాట్ల పైచిలుకు కరెంటు వచ్చింది. వెంట ఒక అయాన్ ఇంజన్ కూడా ఉంది. పాపం, అది గంట కూడా నడవలేదు. దాని హై వోల్టేజి పుట్టించిన విద్యుత్ అలజడికి నౌక నిలకడే చెదిరింది. రియాక్టర్ మాత్రం 43 రోజులు చక్కగా నడిచింది. 43 రోజులు! ఆపేసింది అణువు కాదు, ఒక వోల్టేజి రెగ్యులేటర్. మన ఇళ్లలో ఫ్యూజు పోయినట్టే అనిపిస్తుంది నాకు. అది ఇప్పటికీ దాదాపు 1,300 కిలోమీటర్ల ఎత్తున, చల్లారిపోయి తిరుగుతూనే ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ రియాక్టర్ వేడిలో నూటికి రెండు పాళ్లు కూడా కరెంటు కాలేదు. మిగతాదంతా ఎక్కడికి పోవాలి? అక్కడ గాలి లేదు, నీళ్లు లేవు. వేడి కిరణాలుగా వెళ్లిపోవాల్సిందే. స్నాప్‌కు దాని శంకువులాంటి ఒళ్లే చాలింది. పెద్ద ఓడకు చాలదు, వేడిని వదిలే రెక్కలు కావాలి. అంతరిక్ష కేంద్రం ఫొటోల్లో తెల్లగా, మడతలు మడతలుగా కనిపిస్తాయే, అలాంటివి. అవీ సౌర ఫలకాలేనని నేను చాలాకాలం అనుకున్నాను లెండి.

ఇక్కడొక లెక్క గుర్తుంచుకోండి. కెల్విన్లలో, అంటే పరమ శూన్యం నుంచి లెక్కపెట్టే కొలతలో, రెక్క ఉష్ణోగ్రత రెట్టింపైతే, అది వదిలే వేడి 16 రెట్లు. అంటే రెక్క ఎంత వేడిగా ఉంటే అంత చిన్నదైనా సరిపోతుంది. అయితే రెక్క వేడెక్కేకొద్దీ కరెంటు దిగుబడి తగ్గుతుంది, లోహాలూ ఎక్కువకాలం తట్టుకోలేవు. ఇంజనీర్లు తల పట్టుకునేది ఇక్కడే.

ఈసారి అణు ఓడ అంగారకుడికి వెళ్తున్న బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే, ఇంజన్ సంగతి తర్వాత, ముందు రెక్కలు వెతకండి. లేవంటే, గీసినవాళ్లు వేడి సంగతి మర్చిపోయారన్నమాట.