తుక్కులో దొరికిన ట్రాన్స్‌ఫార్మర్: వోల్టేజి సరిచేసుకునే పద్ధతి

మిత్రులారా, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మార్చాలంటే చెయ్యి పెట్టాల్సింది సెకండరీ (అవుట్‌పుట్ చుట్లు) వైపే. ప్రైమరీలో (మెయిన్స్ కరెంటు ఇచ్చే వైపు) చుట్లు తీసేస్తే అవుట్‌పుట్ పెరిగే మాట నిజమే. కానీ కోర్ (చుట్ల మధ్యనుండే ఇనుప రేకుల దిమ్మ) శాచురేట్ అయి, అంటే మోయగలిగినంత అయస్కాంతత్వం దాటిపోయి, లోడ్ లేకుండానే కరెంటు లాగుతూ, గుర్రుమంటూ కాలిపోతుంది.

మన విశాఖ తుక్కు కొట్లలో కొనేవాళ్లకు రెండు తిప్పలు. ఒకటి సముద్రపు గాలి. ఉప్పు తేమ ఇన్సులేషన్‌లోకి దిగుతుంది. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ప్రైమరీకీ సెకండరీకీ మధ్య, ప్రైమరీకీ కోర్‌కీ మధ్య కొలవండి. రీడింగు తక్కువొస్తే రేకు డబ్బాలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పక్కన రాత్రంతా ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ లేవకపోతే రాగి ధరకు అమ్మేయడమే. రెండోది ఓడల్లోంచి తుక్కుకు వచ్చిన సామాను. 220 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉన్నదాన్ని మన 230 వోల్టుల 50 హెర్ట్జ్ కరెంటుకు తగిలిస్తే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) పాతిక శాతం పెరుగుతుంది. దానికి 183 వోల్టులు దాటనివ్వకూడదు.

మొదటిసారి ప్రైమరీకి అదే 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు నిండుగా వెలిగితే లోపల చుట్లు షార్టయినట్టే. లేకపోతే కరెంటు తీసి, కోర్ సందులోంచి ఇన్సులేషన్ ఉన్న సన్నవైరు పది చుట్లు చుట్టండి. దాని కొసలు ఒకదానికొకటి తగలకూడదు. ఈసారి బల్బు లేకుండా నేరుగా 230 ఇచ్చి ఆ కొసల మధ్య కొలవండి. 2 వోల్టులు వస్తే వోల్టుకు 5 చుట్లన్న లెక్క.

12 వోల్టులు, 3 ఆంపియర్ల సెకండరీని 15 చెయ్యాలనుకోండి. 3 వోల్టులకు 15 చుట్లు, లోడ్‌లో పడిపోయేదానికి ఇంకొకటి. 18 గేజి ఎనామెల్ వైరు చాలు, అడుగున ఇన్సులేషన్ పేపరు వెయ్యండి. పాత సెకండరీతో సిరీస్ కలిపాక 15కు బదులు 9 దగ్గర చూపిస్తే కంగారొద్దు, కొత్త వైండింగ్ కొసలు తారుమారు చెయ్యండి. వోల్టేజి తగ్గించుకోవాలన్నా ఇదే కిటుకు, పాత చుట్టు విప్పే పనే లేదు.

వోల్టేజి పెరిగిందని శక్తి పెరగదు. పాత 12 వోల్టులను 3 ఆంపియర్లతో గుణిస్తే 36 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), దాన్ని 15తో భాగిస్తే 2.4 ఆంపియర్లు. ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జి, కెపాసిటర్ పెట్టాక డీసీ వైపు నిశ్చింతగా తీసుకోగలిగేది ఒకటిన్నర ఆంపియర్లే. ఆ కెపాసిటర్ 35 వోల్టులది వెయ్యండి. లైన్ వోల్టేజి పెరిగి, లోడ్ లేనప్పుడు 25 వోల్టులది ఉబ్బిపోతుంది.

మైక్రోవేవ్ ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ముట్టుకోకండి. దాని సెకండరీ రెండువేల వోల్టులు, ప్రాణం తీస్తుంది.

ప్రైమరీకి ఫ్యూజు వేసి, పూర్తి లోడ్ మీద గంటసేపు నడపండి. ప్లగ్ పీకి కోర్ మీద చెయ్యి పెట్టండి. ఓర్చుకోలేనంత వేడి ఉంటే లోడ్ తగ్గించండి.