మీమ్, ఫైమోలతో డీఎన్ఏ బైండింగ్ సైట్లు వెతకడం

నమస్తే అండీ, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ప్రోటీన్ డీఎన్ఏని ఎక్కడ పట్టుకుంటుందో, ఆ చోట్లలో ఉన్న పోలికని మీమ్, ఫైమో అనే సాఫ్ట్‌వేర్లతో ఎలా బయటికి తీయాలో ఈరోజు చేసి చూపిస్తాను.

మీమ్ వెబ్‌సైట్ తెరిచే ముందు ఒక్క నిమిషం. సిరిపురం జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల నంబర్లు ఒకదాని కింద ఒకటి రాసుకున్నారనుకోండి. మొదట దాదాపు అన్నిటికీ ఏపీయే. ఎప్పుడైనా ఒక ఒడిశా బండి తగులుతుంది. తర్వాత ఎక్కువగా 3. దాని పక్కన మన పాత బండ్లకి ఎక్కువగా 1, 2019 నుంచి వచ్చినవాటికి ఎక్కువగా 9. చివరి అంకెలు ఎవరివి వాళ్ళవే. ప్రోటీన్ డీఎన్ఏని పట్టుకునే చోట్లు, అంటే బైండింగ్ సైట్లూ ఇలాగే ఉంటాయి: కొన్ని స్థానాలు దాదాపు మారవు, కొన్ని మారుతుంటాయి. ఏ స్థానంలో ఏ అక్షరం ఎక్కువగా వస్తుందో చూపే బొమ్మని సీక్వెన్స్ లోగో అంటారు, అందులో మారని చోట అక్షరం ఎత్తుగా కనిపిస్తుంది. డీఎన్ఏలో అక్షరాలు ఏ, సీ, జీ, టీ నాలుగే కాబట్టి ఆ ఎత్తు 2 బిట్లు దాటదు.

ఇప్పుడు ఈ. కోలై అనే బ్యాక్టీరియాలోని లెక్స్‌ఏ ప్రోటీన్ తీసుకుందాం. రెక్‌ఏ జీన్ ముందు అది పట్టుకునే చోటు స్క్రీన్ మీద చూడండి: సీటీజీటీ, మధ్యలో ఎనిమిది అక్షరాలు, ఆపైన ఏసీఏజీ. సీటీజీటీని వెనక్కి తిప్పి, ఒక్కో అక్షరానికి దాని జత రాయండి (ఏకి టీ, సీకి జీ). ఏసీఏజీ వస్తుంది! లెక్స్‌ఏ రెండేసి జంటగా కూర్చుంటుంది, అందుకే సైట్ రెండు సగాలూ అద్దంలో చూసినట్టుంటాయి.

లెక్స్‌ఏ అదుపులో ఉన్న జీన్ల ముందు భాగాలన్నీ ఫాస్టా ఫైల్‌గా, అంటే డీఎన్ఏ అక్షరాలు రాసిన టెక్స్ట్ ఫైల్‌గా మీమ్‌కి ఇవ్వండి. ఇలా అద్దంలో చూసినట్టుండే సైట్ల కోసం పాలిండ్రోమ్ ఆప్షన్ టిక్ చేయండి. మీమ్ లోగోతో పాటు ఒక మ్యాట్రిక్స్ కూడా ఇస్తుంది, ఏ స్థానంలో ఏ అక్షరం ఎంత తరచుగా వచ్చిందో అందులో ఉంటుంది. మ్యాట్రిక్స్ మీరే తయారుచేస్తే ఒక్క జాగ్రత్త. పది సైట్లలో ఒకచోట జీ ఒక్కసారీ రాలేదని సున్నా వేశారో, అక్కడ జీ ఉన్న మంచి సైట్ కూడా కొట్టుకుపోతుంది. పది చూసి ఎప్పటికీ రాదని తేల్చేయకూడదు కదా! ప్రతి అక్షరానికీ కొంచెం కలపాలి, దాన్నే సూడోకౌంట్ అంటారు.

ఆ మ్యాట్రిక్స్‌తో ఫైమోలో జీనోమ్ మొత్తం, అంటే ఆ బ్యాక్టీరియా డీఎన్ఏ అంతా వెతకొచ్చు. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చెబుతాను. ఈ. కోలై జీనోమ్ సుమారు 46 లక్షల అక్షరాలు. డీఎన్ఏ రెండు పోగులూ కలిపితే 92 లక్షల చోట్లు. ఒక చోటు యాదృచ్ఛికంగానే అంత బాగా పోలే అవకాశాన్ని పీ వాల్యూ అంటారు, దానికి ఫైమో మామూలుగా పెట్టే హద్దు 0.0001. గుణించి చూడండి: 920. అంటే ఏ అర్థమూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగానే తొమ్మిది వందలకు పైగా హిట్లు రావచ్చు! లిస్టు పొడుగు చూసి సంబరపడకండి. ఇన్ని చోట్లు వెతికామన్న సంగతిని లెక్కలోకి తీసుకునే క్యూ వాల్యూ కాలమ్ ప్రకారం సార్ట్ చేయండి.

సార్ట్ చేశాక రెక్‌ఏ, సల్‌ఏ జీన్ల ముందున్న సైట్లు పైవరసలో ఉన్నాయా చూడండి. ఈ రెండూ ప్రయోగాల్లో రుజువైనవి. కనిపించకపోతే కింద ఉన్న కొత్త హిట్ల జోలికి వెళ్ళకుండా, మళ్ళీ మీమ్ పేజీకి వచ్చి ఇన్‌పుట్ ఫైల్ తెరవండి.