పరీక్ష హాల్లో మీకు మీరే చెప్పుకునే మాట: ఎలా వెతుక్కోవాలి, ఎలా వాడుకోవాలి

అందరికీ నమస్కారం. ఈ వీడియో ఈఏపీసెట్ రాయబోతున్న పిల్లల కోసం. వాళ్లకంటే ఎక్కువ టెన్షన్ పడుతున్న అమ్మానాన్నలూ పక్కన కూర్చుని చూడొచ్చు. ఒక తెల్ల కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. హాల్లో గుండె దడదడలాడినప్పుడు మనసులో అనుకోవడానికి ఒక చిన్న మాట తయారు చేద్దాం. అది అనుకోగానే చెయ్యి మళ్లీ మౌస్ మీదికి వెళ్లాలి.

కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు, టెన్షన్ వచ్చినప్పుడు మీ మనసు మీతో ఏమంటుందో అదే రాయండి. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే, మీ యాసలోనే. "నా వల్ల కాదు" అనుకుంటారా? "అయిపోయింది, ర్యాంకు పోయింది" అనుకుంటారా? "అన్నకి సీటొచ్చింది, నాకు రాకపోతే ఏం మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి" అనుకుంటారా? ఏదైనా సరే, రాసేయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఈ పని వదిలేసి నేరుగా మంచి మాటల కోసం వెతికితే గోడ మీద పోస్టర్లలో ఉండే మాటలే దొరుకుతాయి. మీ భయం ఏమంటోందో మీరు వింటేనే కదా దానికి జవాబు చెప్పగలిగేది.

ఇప్పుడు కుడివైపుకు రండి. మీ చెల్లెలో తమ్ముడో పరీక్షా కేంద్రం బయట నుంచి ఫోన్ చేసి, మీరు ఎడమవైపు రాసిన మాటే మీతో అన్నారనుకోండి. మీరేమంటారు? "నువ్వు పుట్టుకతోనే టాపర్‌వి" అని అయితే అనరు. "ఏం కాదులేరా, ముందు నీళ్లు తాగు. వచ్చినవి ముందు చెయ్యి, రానివి తర్వాత చూద్దువుగాని" అంటారు. ఆ జవాబు ఉన్నదున్నట్టు రాయండి. తర్వాత అందులో అసలు పనికొచ్చే ముక్క కింద గీత గీయండి.

ఇదిగో, నా కాగితం కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఎడమవైపు "చదివినవన్నీ మర్చిపోయాను". కుడివైపు గీత గీసిన ముక్క "వచ్చినవి ముందు". రెండే మాటలు. ఇది నాకెందుకు నచ్చిందో కాస్త వివరంగా చెప్పాలి. ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు దొరికేది నిమిషం మీద ఏడు సెకన్లు. జవాబు తప్పైతే మార్కు కోత లేదు. మొదట్లోనే ఒక ఇంటిగ్రేషన్ లెక్క వచ్చింది, మూడు నిమిషాలైనా తెగలేదు, స్క్రీన్ మీద గడియారం కరిగిపోతోంది. అప్పుడు "నేను సాధిస్తాను" అనుకున్నారనుకోండి. ఏం సాధించాలి, ఆ లెక్కనేనా? ఇంకో రెండు నిమిషాలు దానికే పోతాయి. "వచ్చినవి ముందు" అనుకుంటే మాత్రం చెయ్యాల్సిన పని వెంటనే తెలుస్తుంది: ఆ ప్రశ్నను మళ్లీ చూడటానికి గుర్తు పెట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లడం. వరసగా నాలుగు ప్రశ్నలకు జవాబులు పెట్టాక ధైర్యం దానంతటదే వస్తుంది. అందుకే "భయపడకు" అనే మాట కూడా వద్దంటాను. భయపడకుండా ఏం చెయ్యాలో అది చెప్పదు.

తర్వాత, మీ మాట మీరు నమ్ముతున్నారో లేదో చూసుకోవాలి. తలుపేసుకుని గట్టిగా బయటికి అనండి. లోపల్నుంచి "అంత సీన్ లేదు" అని వినిపించిందా? అయితే మాట కొంచెం తగ్గించండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ వుడ్ బృందం 2009లో ఒక పరిశోధన ప్రచురించింది. "నేను ప్రేమించదగ్గ మనిషిని" అని కొంతమంది చేత పదే పదే అనిపించారు. తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లకు దాంతో మేలు జరగకపోగా, ఆ మాట అనని వాళ్లకంటే మనసు ఇంకా కుంగింది. కాబట్టి "నాదే ఫస్ట్ ర్యాంకు" అన్నది గొంతు దిగకపోతే "నేను చదివింది నా దగ్గరే ఉంది" అనుకోండి. అందులో అబద్ధమేమీ లేదు.

మరి పెద్ద మాటలు అసలు పనికిరావా అంటే, వస్తాయి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో పిల్లల చేత పది వాక్యాలు చెప్పించేవాళ్లు. మొదటిదే "నేను ఎవరికీ తక్కువ కాదు". ఆ గురుకులాల్లో చదువుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ వాక్యమే ఎక్కించిందని నేను అనను. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకుంది, తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ తీసుకుంది. అంత సాధన వెనకుంటే "ఎవరికీ తక్కువ కాదు" అన్న మాట ఎంత బలంగా ఉంటుందో ఊహించుకోండి. మీకైతే ఆ సాధన మాక్ టెస్టులే.

ఇంకో చిన్న మార్పు. మాటకు ముందు మీ పేరు పెట్టుకోండి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురి ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడు "నేను" అనుకోకుండా తమను తాము పేరు పెట్టి పిలుచుకున్నవాళ్లు తక్కువ కంగారు పడ్డారు, మాట్లాడటం కూడా మెరుగ్గా మాట్లాడారు. మన ఇళ్లలో ముద్దుపేర్లకు కొదవా! "బుజ్జీ, వచ్చినవి ముందు." అమ్మమ్మ పిలిచే పేరుంటే ఇంకా మంచిది. దేవుడి పేరు తలుచుకునే అలవాటుంటే అది మానక్కర్లేదు, ముందు దండం పెట్టుకుని ఆ తర్వాత ఇది అనుకోండి.

అమ్మానాన్నలకు ఒక మనవి. ఈ మాట మీరు రాసివ్వకండి. "మా పరువు నిలబెట్టు నాన్నా" అని గేటు దగ్గర అంటే లోపల మూడు గంటలూ అదే మోగుతుంది. "ఎలా రాసినా పర్లేదు, ఇక్కడే ఉంటాం" అనండి చాలు.

సరే, మాట దొరికింది. ఇక అలవాటు చేసుకోవాలి. బ్రిటన్‌లో 24 మంది చేత ఓపిక అయిపోయేదాకా సైకిల్ తొక్కించారు, ఈ ఫలితాలు కూడా 2014లోనే వచ్చాయి. వాళ్లలో కొందరు ఎవరి మాటలు వాళ్లే ఎంచుకుని, రెండు వారాలు సాధన చేసి మళ్లీ తొక్కారు. ఈసారి 18 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు. అలసట కూడా తక్కువగా అనిపించింది. అంటే పరీక్ష రోజు పొద్దున్న కొత్త మాట వెతుక్కుంటే లాభం లేదు, ఈ రోజు నుంచే మొదలుపెట్టాలి. మాక్ టెస్ట్ రాసేటప్పుడు ఎక్కడైతే చిక్కుకుంటారో సరిగ్గా అక్కడే అనండి: ఊపిరి వదలండి, మాట ఒక్కసారి అనుకోండి, తర్వాతి ప్రశ్న నొక్కండి. ఈ మూడూ ఎప్పుడూ ఇదే వరసలో జరగాలి. రఫ్ పేపర్ మూలన రాసుకోవచ్చు. అరచేతిలో మాత్రం రాసుకోకండి, ఇన్విజిలేటర్ చూస్తే లేనిపోని గొడవ.

ఒక మాట చాలా గట్టిగా చెప్పాలి. రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, "నేను లేకపోతేనే నయం" లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా దానికి ఇలాంటి మాటలు సరిపోవు. వెంటనే ఇంట్లో ఎవరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు అవసరం పడకపోయినా, మీ బెంచీలో ఇంకొకరికి పడొచ్చు.

ఇక పరీక్ష రోజు. లాగిన్ అయ్యాక స్క్రీన్ మీద సూచనలు వస్తాయి, అవి చదువుతూ మీ మాట ఒకసారి అనుకోండి. చిక్కుకున్న ప్రతిచోటా ఇంకోసారి. ఇప్పుడు వీడియో ఆపేసి, ఎడమవైపు మాట రాయడం మొదలుపెట్టండి.