ఎవరి అక్కర వారిది: సోషల్ నెట్‌వర్కింగ్ సైట్ల రూపకల్పనపై ప్రసంగం

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన అధ్యాపకులకు, హన్మకొండ నుంచే కాక ములుగు, భూపాలపల్లి, జనగామ దిక్కు నుంచి కూడా వచ్చిన విద్యార్థులకు ధన్యవాదాలు.

మీలో చాలామంది ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒక యాప్ తయారు చేస్తారు. అందులో నలుగురు కలిసి మాట్లాడుకునే చోటు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎవరికి ఏది ముందు చూపించాలన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది. దాని గురించి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషి వేలు దేని మీద ఆగిందో లెక్కబెట్టి, అదే అతనికి కావాల్సిందని తీర్మానించకండి. అతని అక్కర ఏమిటో అడగండి, చెప్పింది వినండి. సైటును ఆ మాట చుట్టూ కట్టండి.

మనకు దగ్గర్లోనే, వరంగల్‌లో ఉన్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌నే తీసుకుందాం. మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట అవుతుంది. వచ్చిన సరుకులో మేలైన లాట్ చూసి వ్యాపారులు పాడిన ధర అది. గంట తిరక్కుండానే ఆ ధర ఫొటోతో సహా జిల్లాలు దాటిపోతుంది. రికార్డు ధర అయితే ఇక చెప్పనే అక్కర్లేదు, లైకులే లైకులు. కానీ ఆ ధర దక్కేది కొన్ని బస్తాలకే. మిగతా సరుకు తేమను, రంగును, తాలును బట్టి అంతకంటే తక్కువకే పోతుంది.

ఇప్పుడు పరకాల దగ్గర ఒక రైతును ఊహించుకోండి. తేజ రకం కాయ కల్లంలో ఎండుతున్నది. తనలాంటి సరుకు ఇవాళ ఎక్కువగా ఏ రేటుకు పోయిందో అతనికి తెలియాలి. రేపు మార్కెట్ నడుస్తుందా, సెలవా? యార్డులో బస్తాలు దించడానికి జాగా ఉందా, లేక కోల్డ్ స్టోరేజీ చూసుకోవాలా? మార్కెట్లు ఇచ్చే రోజువారీ లెక్కల్లో కనిష్ఠ ధర, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర అని ఒకటి ఉంటుంది. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అది. రైతు లెక్క వేసుకోవాల్సింది దాని మీదనే. కానీ మోడల్ ధర పెట్టిన పోస్టుకు ఎవరూ లైక్ కొట్టరు, ఎవరికీ షేర్ చేయరు. రైతు దాన్ని నాలుగు సెకన్లు చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని, ట్రాలీ మాట్లాడటానికి పోతాడు. ఆ రోజు అతనికి అన్నిటికన్నా పనికొచ్చిన పోస్టు అదే. మన సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం దాని విలువ దాదాపు సున్నా.

ఈ తేడా మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇవాళ్టి పెద్ద సైట్లన్నీ ఈ తేడాను పక్కన పెట్టే పెరిగాయి. 2004లో వచ్చిన ఆర్కుట్ అనే సోషల్ సైట్‌లో మనుషులు తమకు నచ్చిన కమ్యూనిటీలను తామే ఎంచుకుని చేరేవారు. ఎవరి స్క్రాప్‌లు, అంటే వారి పేజీలో రాసిన మెసేజ్‌లు, చూడాలంటే వారి పేజీకి తామే వెళ్లేవారు. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్, మిత్రుల పోస్టులన్నీ ఒక్కచోట చూపే న్యూస్ ఫీడ్ తెచ్చింది. మనం వెతుక్కుంటూ పోయే రోజులు పోయి, వార్తలే మన ముందుకు వచ్చే రోజులు వచ్చాయి. అప్పట్లో వాడకందారుల నుంచి గట్టి నిరసన వచ్చినా ఫీడ్ నిలిచింది. అందరి పోస్టులూ ఒక్క తెర మీద పట్టవు కాబట్టి, ఏది పైన ఉండాలో తేల్చే సూత్రం అవసరమైంది. 2010లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఆ సూత్రాన్ని ఎడ్జ్‌ర్యాంక్ పేరుతో వివరించారు. పోస్టు పెట్టిన మనిషితో నీకున్న దగ్గరితనం, లైక్, కామెంట్ లాంటి ఒక్కో చర్యకు ఇచ్చిన బరువు, కాలం గడిచే కొద్దీ తరిగే విలువ, ఈ మూడింటినీ గుణిస్తారు. ఆ తర్వాత యంత్ర అభ్యాసం (మెషీన్ లెర్నింగ్) వచ్చి లెక్క ఎంతో జటిలమైంది కానీ, మూలంలో ఉన్న ఊహ మారలేదు. నువ్వు దేనికి స్పందిస్తే అదే నీకు కావాలని ఆ ఊహ.

అది ఎక్కడికి దారి తీసిందో 2021లో బయటపడ్డ ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో కనిపించింది. 2017 నుంచి కొంతకాలం, కోపం బొమ్మతో సహా ఎమోజీ స్పందనలకు మామూలు లైక్ కంటే ఐదు రెట్ల బరువు ఇచ్చారు. కోపం తెప్పించే పోస్టుల్లో తప్పుడు సమాచారం, విషపు మాటలు ఎక్కువగా ఉంటున్నాయని 2019లో వాళ్ల డేటా సైంటిస్టులే తేల్చారు. 2020లో కోపం బొమ్మ బరువును సున్నా చేశారు. ఇందులో ఎవరి దుర్బుద్ధి ఎంత అన్నది నా విషయం కాదు. ఐదు అన్న ఒక్క అంకె కోట్ల మంది ముందుకు ఏం రావాలో మార్చేసింది. మీరు రాసే కోడ్‌లోనూ అలాంటి అంకెలు ఉంటాయి. ప్రతి అంకె పక్కనా అది ఎందుకుందో రాసి పెట్టే అలవాటు చేసుకోండి.

ఇక కాలం సంగతి. పాతబడితే విలువ తరగాలన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ వేగంతో తరగాలి? 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. జనం డాబాల మీదికెక్కి సాయం కోసం ఎదురు చూశారు. అదే వానలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం పడింది. అలాంటి రోజున ‘వాగు మీద బండ్లు పోతున్నయి’ అని ఆరు గంటలకు పెట్టిన పోస్టు ఎనిమిది గంటలకు ప్రాణం తీయగలదు. ఎంతమంది షేర్ చేస్తే అంత పైకి పోయే ఫీడ్‌లో, రెండు గంటల కింద నిజమైన మాట ఇప్పుడు అబద్ధమై కూడా పైనే కూర్చుంటుంది. పాత వరదల వీడియోలు ప్రతి వానాకాలం కొత్తవన్నట్టు తిరగడం మీకందరికీ తెలిసిందే. ఇక్కడ తరుగుదల నిమిషాల్లో ఉండాలి. వీడియో మొదట ఎప్పుడు ఎక్కిందో ఆ తేదీ పెద్ద అక్షరాల్లో వీడియో మీదనే కనబడాలి. దాన్ని మూలన బూడిద రంగులో దాచిపెట్టే డిజైన్‌ను నేను ఒప్పుకోను.

అదే తరుగుదలను జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో గల్ఫ్‌కు పోయిన మనిషికి వర్తింపజేసి చూడండి. వారమంతా కన్‌స్ట్రక్షన్ సైట్‌లో పని, రాత్రి క్యాంపులో వంట, నిద్ర. ఫోన్ తీరికగా తెరిచేది సెలవు రోజే. ఊళ్లో చిన్నాయన పోయాడని మంగళవారం ఎవరో పెట్టారు. అతను తెరిచేసరికి ఆ వార్త మూడు రోజుల పాతది, స్పందనలు ఆగిపోయినవి, కాబట్టి అడుగున పడింది. పైన ఏముంది? ఎవరిదో డాన్సు రీలు. అమ్మకు ఫోన్ చేసినప్పుడు ‘నీకు ఇప్పటిదాకా తెల్వదా బిడ్డా’ అని ఆమె అడిగితే, ఆ తప్పు అతనిది కాదు. చావు కబురు పాతబడటానికి గంటలు కాదు, ఆ మనిషి చూసేదాకా పట్టాలి. కాబట్టి తరుగుదల ఒకే అంకెగా ఉండకూడదు. పోస్టు పెట్టే వాళ్లనే ‘ఇది ఎప్పటిదాకా పనికొస్తుంది’ అని అడగవచ్చు: ఈ గంట, ఇవాళ, దినాలదాకా, ఎప్పటికీ. ఒక్క నొక్కుతో అయిపోయే పని. దీనికి నిఘా అవసరం లేదు.

చోటు గురించి కూడా. మన జిల్లాలు 2016 అక్టోబరు 11న పది నుంచి ముప్పై ఒకటి అయ్యాయి. ములుగు 2019లో వేరు జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయితే, వరంగల్ రూరల్ ఉత్త వరంగల్ అయింది. జిల్లాల పేర్లున్న డ్రాప్‌డౌన్ జాబితాలో ‘వరంగల్’ అని నొక్కిన మనిషి ఏ వరంగల్‌ను అనుకుంటున్నాడు? ఏటూరునాగారం పెద్దమనిషికి వరంగల్ అంటే ఇంకా పాత జిల్లానే. జిల్లా పేరు మీద కట్టిన సైటు అతనికి కాజీపేట ట్రాఫిక్ చూపిస్తుంది, తన మండలంలో కరెంటు కోత సంగతి చూపించదు. ఊరు, మండలం అడగండి. దాంతోపాటు మనిషి ఉన్న ఊరూ మనసున్న ఊరూ వేరు కావచ్చని గుర్తుంచుకోండి. మస్కట్‌లో ఉన్నవాడికి మస్కట్ వార్తల కంటే కోరుట్ల వార్తే ముఖ్యం కావచ్చు. ఫోన్‌లోని జీపీఎస్ ఈ సంగతి ఎన్నటికీ చెప్పదు.

భాష దగ్గర మన ఇంజనీర్లు చేయాల్సిన పని చాలా ఉంది, వేరే ఎవరో వచ్చి చేయరు. చాలామంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు, ఒక్కో మాటను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా. తెలుగు లిపిలో రాసేవాళ్లు కూడా మాట్లాడినట్టే రాస్తారు, అలాగే రాయాలి కూడా. ‘ఊర్ల నీళ్లొచ్చినయి’ అని మన దిక్కు రాస్తే ఊళ్లోకి నీళ్లు వచ్చాయని. పుస్తకాల తెలుగు మీద నేర్చిన ప్రోగ్రాం ‘ఊర్ల’ను బహువచనం అనుకుంటుంది, ఏ ఊరో పట్టుకోలేదు. వరద రోజున ఆ పోస్టు సహాయ బృందం వెతుకులాటలో రాకపోతే దాని ఫలితం ఏమిటో మీరే ఆలోచించండి. మన మాట తీరుతో వాక్యాలు సేకరించి, అర్థం గుర్తు పెట్టి, అందరికీ ఉచితంగా ఇవ్వడం ఒక బ్యాచ్ ప్రాజెక్టుగా చేయదగ్గ పని.

ఇంతా విని, ‘సార్, ర్యాంకింగే తీసేసి వచ్చింది వచ్చినట్టు చూపిస్తే పోలే?’ అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. వాట్సాప్ గ్రూపులో జరిగేది అదే కదా. అక్కడ ఏ ర్యాంకింగూ లేదు. అయినా గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద రక్తం కావాలన్న మెసేజ్ మునిగిపోతుంది. పుకార్ల వల్ల మనుషుల ప్రాణాలే పోయాక, 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేయాల్సి వచ్చింది. వరస మాత్రమే సరిపోదు. కానీ వరసగా చూసే వీలు ఎప్పుడూ ఉండాలి. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం కింద పెద్ద వేదికలు, వాడకందారు ప్రొఫైల్ మీద ఆధారపడని సిఫారసు పద్ధతి కనీసం ఒకటి ఇచ్చి తీరాలి. బ్లూస్కై అనే సోషల్ సైట్ 2023 నుంచి ఇంకో అడుగు వేసింది. ఫీడ్‌ను ఏ పద్ధతిలో అమర్చాలో ఎవరైనా రాయవచ్చు, నచ్చినది ఎవరైనా ఎంచుకోవచ్చు. ఎనుమాముల మిర్చి ఫీడ్ ఒకటి, మేడారం జాతర రోజుల్లో రోడ్లు, పార్కింగ్, తప్పిపోయిన పిల్లల ఫీడ్ ఒకటి మీరే రాసి పెట్టవచ్చన్న మాట. నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఈ దారే.

అడగడం అనే పని మనకు కొత్త కాదు. కంప్యూటర్లు రాక ముందే ఈ శాస్త్రం ఉంది. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని, పాఠకుడి సమయం ఆదా చేయాలని వాటిలో ఉన్నాయి. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్న సూత్రాన్ని పోస్టుకు వర్తింపజేయండి. పది మందికే పనికొచ్చే పోస్టు ఆ పది మందికి చేరితే అది విజయం. లక్ష మందికి చేరనందుకు దాన్ని తొక్కేయకూడదు. ఈ హన్మకొండలోనే 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. తెలుగు చదువుకే గతిలేని నిజాం కాలంలో, చదివేవాడి కోసం ఆలోచించిన మనుషులు ఈ వీధుల్లోనే తిరిగారు. మంచి లైబ్రేరియన్ వచ్చినవాడిని ‘ఏం కావాలి, దేనికోసం’ అని అడుగుతాడు. అతను అంతకు ముందు ఏ అట్ట వంక ఎంతసేపు చూశాడో గడియారం పెట్టి కొలవడు.

డబ్బు మాట దాటేస్తే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. ప్రకటనల మీద బతికే సైటుకు మనిషి ఎంతసేపు ఉంటే అంత ఆదాయం. 2012లో యూట్యూబ్ క్లిక్కుల బదులు చూసిన సమయాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు, మోసపు థంబ్‌నెయిళ్లను, అంటే వీడియో తెరవక ముందు కనబడే బొమ్మలను, తగ్గించడం ఒక ఉద్దేశం. ఆ మేరకు మంచిదే. కానీ సమయం కూడా తృప్తి కాదని తెలిసి, తర్వాత ప్రేక్షకులనే సర్వే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. అంత పెద్ద కంపెనీ కూడా చివరికి అడగాల్సి వచ్చింది. మన మిర్చి రైతు నాలుగు సెకన్లలో పని ముగించుకుని పోతే అది మంచి డిజైన్. అలాంటి సైటును ప్రకటనలు పోషించవు. సహకార సంఘమో, మార్కెట్ కమిటీయో, గ్రామ పంచాయతీయో, గల్ఫ్ సంఘమో పోషించాలి. ఒక మండలానికి సరిపడే సర్వర్ ఖర్చు పెద్దది కాదు. అసలు ఖర్చు దాన్ని రోజూ చూసుకునే మనిషిది. ఆ జీతం ఎవరిస్తారో తేలాకే కోడ్ మొదలుపెట్టండి.

చివరగా మీ ప్రాజెక్టుకు సంబంధించి. కొలతల పట్టికలో ‘సైటులో గడిపిన సమయం’ అన్న వరస ఉంటే దాన్ని తీసేయండి. దాని బదులు, కొద్దిమందిని మాత్రం ఎంచి, మరునాడు ఒక్క ప్రశ్న అడగండి: ‘నిన్న ఇక్కడ చూసింది ఏదైనా పనికొచ్చిందా, ఏది?’ వెంటనే అడిగితే మొహమాటానికి బాగుందంటారు, మరునాడైతే గుర్తున్నది చెబుతారు. చదవడం రాని వాళ్లకు గొంతుతో చెప్పే వీలు పెట్టండి. ప్రతి పోస్టు కింద ‘ఇది నాకెందుకు చూపించారు’ అన్న బొత్తం ఉండాలి. దానికి జవాబు మామూలు మాటల్లో రావాలి: ‘మీరు పరకాల మండలం, తేజ మిర్చి అన్నారు, అందుకు.’ ఆ జవాబు కిందనే ‘ఇప్పుడు అక్కర లేదు’ అని ఉండాలి. పంట అమ్ముకున్నాక ఆ రైతు ఒక్కసారి అది నొక్కితే, వచ్చే సీజన్ దాకా మిర్చి ధరలు అతని ఫోన్‌లో రాకూడదు. మీరు ఈ ఏడాది ఇంతవరకు చేసి చూపించండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.