ఇంటిని గీసి చూస్తే

శ్రోతలకు నమస్కారం.

1514 మార్చిలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు బొగ్గు చేతబట్టి తన తల్లి బార్బరా బొమ్మ గీశాడు. అప్పటికి ఆమెకు 63 ఏళ్ళు. 18 మంది పిల్లల్ని కన్న మనిషి. నుదుటి మీద ముడతలు, లోపలికి పోయిన బుగ్గలు, మెడలో పైకి తేలిన నరాలు, ఆయన ఏదీ దాచలేదు. సున్నితంగా సవరించి గీయడం చేతకాక కాదు, యూరప్ అంతా పేరు మోగుతున్న రోజులవి. రెండు నెలలు తిరక్కుండానే మే నెలలో ఆమె కన్నుమూసింది. ఆ సంగతిని డ్యూరర్ అదే కాగితం మీద సిరాతో రాసి పెట్టుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది. అయిదు శతాబ్దాలు దాటినా, అందులో కనిపించేది ఎవరో ఒక ముసలితల్లి కాదు, ఆ ఒక్క మనిషే.

ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం గురించి ఈ పూట మాట్లాడదామనుకున్నాను. ముఖ్యంగా మన ఇంటిని, మనకు ముందు తరాలు వదిలి వెళ్ళిన వస్తువులను గీయడం గురించి.

ఇల్లు, వారసత్వం అనేసరికి మనకు పెద్ద పెద్ద మాటలు వచ్చేస్తాయి. పెన్సిల్‌కి ఆ మాటలతో పనిలేదు. కుర్చీ కాలు నేలను ఎక్కడ తాకింది, తలుపు నీడ ఎంతవరకు పడింది, దానికి కావలసింది అంతే. ఆ చిన్న లెక్కలు సరిచూసుకుంటూ పోతుంటే ఇల్లే మనల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది. నా దృష్టిలో బొమ్మ బాగా కుదరడం కన్నా ఆ ప్రశ్నలే విలువైనవి.

తాతల నాటి చెక్క కుర్చీ ఒకటి గీస్తున్నారనుకోండి. ఎడమచేతి వైపు పిడి కుడివైపు దానికన్నా బాగా అరిగి, నునుపు తేలి ఉంది. ఎందుకు? అందులో కూర్చున్న మనిషిది ఎడమచేతి వాటమా, లేక కుడిచేత్తో ఏదో పని చేసుకుంటూ ఎడమచెయ్యి ఆనించుకునేవారా? వెనక కాళ్ళలో ఒకదాని చెక్క రంగు వేరుగా ఉంది. అంటే ఎప్పుడో విరిగింది, ఎవరో పారెయ్యకుండా బాగుచేయించారు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీని చూస్తూనే ఉన్నా ఈ సంగతులు కంటికి ఆనవు. మామూలుగా కన్ను ‘కుర్చీ’ అని గుర్తుపట్టేసి తన దారిన తాను పోతుంది. గీసేటప్పుడు అలా పోనివ్వం. ఆ గంటసేపూ దాన్ని అక్కడే కూర్చోబెడతాం.

‘ఫోటో తీసుకుంటే సరిపోదా’ అని మీరు అడగవచ్చు. ఫోటో తీయండి, వద్దనను. అయితే 2014లో లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో చేసిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఫోటో తీసిన వస్తువుల కన్నా ఊరికే నిలబడి చూసిన వస్తువులే జనానికి బాగా గుర్తున్నాయి. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్ళకు మాత్రం ఆ నష్టం కలగలేదు. 2016లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరో సంగతి చూపించారు. ఒక మాటను పదేపదే రాసుకోవడం కన్నా దాని బొమ్మ గీస్తే ఎక్కువగా గుర్తుంటుందట. బొమ్మ గొప్పగా ఉండాల్సిన అవసరం కూడా లేదు.

ఒక్కోసారి దేశాలు కూడా ఈ పనికి పూనుకున్నాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రభుత్వం పనిలేని చిత్రకారులకు జీతమిచ్చి, పాత ఇళ్ళలోని కుర్చీలు, పెట్టెలు, దుప్పట్లు, ఆటబొమ్మల వంటి వాటిని ఉన్నవి ఉన్నట్టు నీటిరంగుల్లో గీయించింది. 1935 నుంచి 1942 దాకా సాగిన ఆ పనిలో సుమారు 18,000 చిత్రాలు తయారయ్యాయి. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. బ్రిటన్‌లో 1940లో, బాంబులకూ కొత్త కట్టడాలకూ ఏవి బలైపోతాయోనన్న భయంతో, లండన్ నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ కెన్నెత్ క్లార్క్ చొరవ మీద ఊళ్ళనూ పాత కట్టడాలనూ గీయించారు. 1,500కు పైగా చిత్రాలు పోగయ్యాయి. యుద్ధం నడుస్తున్న దేశం చిత్రకారుల చేతికి కుంచెలిచ్చి ఊళ్ళ మీదికి పంపిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది కదా.

అంతమాత్రాన గీయదగినవి ప్రదర్శనశాల వస్తువులే అనుకోకండి. స్పెయిన్ చిత్రకారుడు ఆంతోనియో లోపెజ్ గార్సియా తన స్నానాల గదిని, తాను పనిచేసుకునే గదిని పెన్సిల్‌తో పెద్ద పెద్ద కాగితాల మీద గీశారు. వాష్‌బేసిను, పలకలు, తెరిచి ఉన్న తలుపు, వాటిలో పడే వెలుగు, అంతే. ఆండ్రూ వైత్ అనే అమెరికన్ చిత్రకారుడు పొరుగువారి ఇంటినొకదాన్ని దాదాపు 30 ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ గీస్తూనే ఉన్నారు. ఒక ఇల్లు అంతకాలం సరిపోతుందా అంటే, సరిపోయింది మరి.

ఇక మొదలుపెట్టడం ఎలాగంటారా? మొత్తం ఇంటి జోలికి వెళ్ళకండి. ఒక్క తాళంచెవి, ఒక్క కిటికీ మూల, అరిగిన మెట్టు ఒకటి, ఏదో ఒకటి చాలు. వెలుగు ఒక పక్క నుంచే పడేలా పెట్టుకోండి, అప్పుడే నీడ స్పష్టంగా తెలుస్తుంది. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌ను కొలబద్దలా పట్టుకుని ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న పొంతన చూసుకోండి. కుర్చీని గీయబోతే ముందు కాళ్ళ మధ్య కనిపించే ఖాళీ జాగా ఆకారాన్ని గీయండి. మనకు కుర్చీ ఎలా ఉంటుందో ‘తెలుసు’. ఆ తెలిసిందే అడ్డం పడుతుంది. ఖాళీ ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి దాన్ని నిజంగా చూస్తాం. కళ్ళు కాస్త చికిలించి చూస్తే చిల్లర వివరాలు కరిగిపోయి వెలుగు, నీడ రెండూ పెద్ద ముక్కలుగా కనిపిస్తాయి. షేడింగ్ అక్కడ మొదలుపెట్టాలి.

చాలామంది చేసే పని ఒకటుంది. పాత గది గీస్తూ గోడ మీది కరెంటు వైర్లు, మూలనున్న ప్లాస్టిక్ బకెట్టు వదిలేస్తారు. అవి ఉంటే ‘పాతదనం’ చెడిపోతుందని. నా మటుకు నేను వాటిని ఉంచమనే చెబుతాను. ఇంట్లో మనుషులు ఇప్పటికీ బతుకుతున్నారని చెప్పేవి అవే. యాభై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళకు ఆ బకెట్టే వింతగా కనబడవచ్చు.

ఇల్లే లేనివాళ్ళ సంగతేమిటి? కూలిపోయినది, అమ్మేసినది, ఊరు విడిచి వచ్చేసినది. అప్పుడు పాత ఫోటోలు, జ్ఞాపకం, తోబుట్టువుల మాటలు కలుపుకుని గీయాలి. ఇక్కడ నిజాయితీ కాస్త ఎక్కువ కావాలి. గుర్తున్నంతవరకు గట్టి గీతలతో గీయండి, ఊహించినది పలచటి గీతలతో ఉంచండి, అసలు తెలియనిచోట కాగితాన్ని తెల్లగా వదిలేయండి. వీజా సెల్మిన్స్ అనే చిత్రకారిణి లాత్వియా రాజధాని రీగాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో చిన్నపిల్లగా కుటుంబంతో ఊరు వదిలి, చివరికి అమెరికా చేరారు. సముద్రాన్నీ ఆకాశాన్నీ పెన్సిల్‌తో గీసి పేరు తెచ్చుకున్న ఆవిడ, 1968లో తల్లి పంపిన ఉత్తరం కవరును గీశారు. ఇల్లు లేకపోతే కవరు. గీయడానికి అది తక్కువేమీ కాదు.

బొమ్మ ఎంతకాలం నిలుస్తుందనేది కూడా ఆలోచించాలి. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటు, అంటే కార్బన్. బాల్‌పెన్ సిరా వెలిసిపోయినట్టు అది వెలిసిపోదు, కాకపోతే చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. అప్పట్లో రెండు దేశాల మధ్య యుద్ధం వల్ల ఇంగ్లండ్ గ్రాఫైటు ఫ్రాన్స్‌కు అందకుండా పోతే, 1795లో ఫ్రెంచ్ ఆవిష్కర్త నికోలా జాక్ కోంతే దాని పొడిలో బంకమన్ను కలిపి కాల్చే పద్ధతి తెచ్చారు. మన్ను ఎక్కువైతే గట్టి పెన్సిల్, తక్కువైతే మెత్తటి నల్లటి పెన్సిల్. మధ్యరకం హెచ్‌బీ ఒకటి, మెత్తటి 4బీ ఒకటి ఉంటే ఇంటి పనికి చాలు. ఆమ్లం లేని కాగితం దొరికితే మంచిది, త్వరగా పచ్చబడదు.

బొమ్మ వెనక పెన్సిల్‌తోనే తేదీ, వస్తువు కొలతలు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందీ, ఆ కబురు మీకు చెప్పినవారి పేరూ రాసి పెట్టండి. గీస్తున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వెనక నిలబడి, ‘కిటికీ అక్కడ కాదే, ఇంకాస్త ఇవతలికి ఉండేది’ అంటారు. వాదించకండి. ఇంకో కాగితం ఇచ్చి, వాళ్ళనూ గీయమనండి.

సెలవు.