రోజుకో పువ్వు

శ్రోతలకు నమస్కారం.

మద్రాసు పెరంబూరులో మా ఇంట్లో, బీరువా అడుగున, ఎవరికీ చూపించని లేసు ముక్క ఒకటుంది. నలుచదరంగా రావాల్సింది, సమోసాలా వచ్చింది. క్రోషే సూది, అంటే కొస వంకీగా ఉండే అల్లిక సూది, పట్టాక నేను అల్లిన మొట్టమొదటి ముక్క అదే. మొదటి వరసలో 20 కుట్లు వేశాను. పదో వరసకొచ్చి లెక్కపెడితే 11 ఉన్నాయి. మిగతావి ఎటు పోయాయో ఎంత వెతికినా అంతు చిక్కలేదు.

మా పై అంతస్తు పిన్నిగారిది లేసు అల్లికకి పేరుపడ్డ నరసాపురం. ముక్కని ఓసారి అటూ ఇటూ తిప్పి, "వరస కొసన ఒక కుట్టు వదిలేస్తున్నావమ్మా" అన్నారు. వరస మారేటప్పుడు పైకి వేసే గొలుసు కూడా ఒక కుట్టే. కాకపోతే అంచున ముడుచుకుపోయి కుట్టులా కనబడదు. అందులో సూది గుచ్చకుండా వెనక్కి తిరిగితే వరసకొకటి తగ్గుతూ పోతుంది. "అయితే విప్పెయ్యనాండీ?" అంటే, "ఇది దాచుకో. రేపటిది విప్పుదువుగాని" అని నవ్వారు.

నిజంగానే ఆ తర్వాత విప్పినవే ఎక్కువ. అల్లికలో ఉన్న సుఖం అది. కత్తెర పడిన గుడ్డ మళ్లీ అతకదు, ఇక్కడ కొస పట్టుకుని లాగితే దారం దారంగానే చేతికొస్తుంది. నాలుగైదుసార్లు విప్పితే నూగు లేస్తుందనుకోండి, నేర్చుకునే చేతికి అది చాలు.

షావుకారుపేటలో దారం కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. లేసు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. ముచ్చటపడి 40 నంబరు తెచ్చుకుంటే కుట్టు కంటికి ఆనదు. మొదట లావు దారం, లావు సూది. మే నెలలో అయితే వేళ్లకి కాస్త పౌడరు కూడా. మద్రాసు చెమటకి దారం సూదిని వదలదు మరి!

ఇక మొదలుపెట్టి మానేసే జబ్బు. మనం ఏకంగా దుప్పటికే సూది పడతాం, నెల తిరక్కుండా మూట కట్టేస్తాం. నరసాపురం వైపు పని రెండుగా ఉంటుంది. విడివిడి పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒక పువ్వు, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇంకొకటి. అక్కడి ఆడవాళ్లది కాలక్షేపం కాదు లెండి, కూలిపని. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే జీఐ ముద్ర, వచ్చింది. ఒక్క పువ్వుకి రెండు గంటలు కూర్చున్నాక, ఎగ్జిబిషన్లో లేసు బల్లగుడ్డ బేరమాడటానికి నాకు నోరు రాలేదు.

ఆ పద్ధతే పట్టుకున్నాను. రోజుకో పువ్వు. ఇప్పుడు పెరంబూరులో లోకల్ రైలు ఎక్కితే ఆవడి వచ్చేలోపు ఒకటి అయిపోతోంది. బిస్కెట్ల డబ్బాలో 41 చేరాయి. "అతుకుపని ఎప్పుడమ్మా?" అని మెట్ల మీద కనబడినప్పుడల్లా పిన్నిగారు అడుగుతూనే ఉన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు.

సెలవు.